ముక్కు గొట్టం గుండా ముద్ద: రోగి ఆహారం వెనుక ఉన్న విజ్ఞానం

కోల్‌కతాలోని భవానీపూర్ అంచున, రవీంద్ర సదన్ మెట్రో స్టేషన్ నుంచి నడిచివెళ్లే దూరంలో ఎస్‌ఎస్‌కేఎం హాస్పిటల్ ఉంటుంది. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ దాన్ని ‘పీజీ’ అనే అంటారు. ప్రెసిడెన్సీ జనరల్ హాస్పిటల్ అన్న పాత పేరు అలా మిగిలిపోయింది. తెలుగువాళ్లకు ఈ ప్రాంగణంతో ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడాది ఇక్కడి చిన్న ప్రయోగశాలలోనే పక్షుల మలేరియా దోమకాటు ద్వారా వ్యాపిస్తుందని రుజువు చేశాడు.

ఈరోజు ఆ గేటు దగ్గర నిలబడితే కనిపించే దృశ్యం మన ఉస్మానియా దగ్గరైనా, విశాఖ కేజీహెచ్ దగ్గరైనా కనిపించేదే. చేతిలో ఫ్లాస్కు, స్టీలు క్యారేజీ, సంచిలో పళ్లు, ఒక కొబ్బరిబోండం. ఇక్కడివాళ్లు రోగి బంధువులను ‘పేషెంట్ పార్టీ’ అంటారు. అందరి మనసులోనూ ఒకటే మాట: ‘నాలుగు ముద్దలు కడుపులో పడితే లేచి కూర్చుంటాడు.’

ఆ మాటలో నిజముంది. ఆహారం లేని శరీరంలో గాయం మానదు, కండ కరిగిపోతుంది, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. 1859లో వెలువడిన తన నర్సింగ్ పుస్తకంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగి ఆహారానికి ప్రత్యేకంగా అధ్యాయాలు కేటాయించింది. చుట్టూ తిండి ఉన్నా, రోగి ఎప్పుడు, ఎలా తినగలడో గమనించేవాళ్లు లేక ఎందరో ఆకలితోనే పోతున్నారన్నది ఆమె వాదన.

అయితే ఆ నాలుగు ముద్దలూ తప్పు దారిలో వెళ్లినా, తప్పు వేగంతో వెళ్లినా, తప్పు మోతాదులో వెళ్లినా ప్రాణం మీదకు వస్తుంది. ఆహారాన్ని మందులాగే కొలిచి ఇవ్వాలి. నర్సు చేసే పని అదే. ఆ కొలతల వెనుక ఉన్న భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఏమిటో చూద్దాం.

నోటితో మింగగలరా?

అన్నం తింటూ దగ్గు వస్తే ‘పొలమారింది, ఎవరో తలచుకుంటున్నారు’ అంటాం. నిజానికి అప్పుడు జరిగేది ఒక రక్షణ చర్య. గొంతులో అన్నవాహిక, శ్వాసనాళం పక్కపక్కనే ఉంటాయి. మింగే ప్రతిసారీ శ్వాసనాళం మూతపడి, అన్నవాహిక తెరుచుకోవాలి. సెకనులోపు జరిగే ఈ పనిలో పదుల కండరాలు పాల్గొంటాయి. మెతుకు దారి తప్పితే దగ్గు దాన్ని బయటికి తోసేస్తుంది.

పక్షవాతం వచ్చినవారిలో, తలకు దెబ్బ తగిలినవారిలో, పార్కిన్సన్స్ ఉన్నవారిలో ఈ సమన్వయం దెబ్బతినవచ్చు. ఎస్‌ఎస్‌కేఎంకు అనుబంధంగా ఉన్న బాంగుర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూరోసైన్సెస్‌తో పాటు, నాడీ వ్యాధుల వార్డు ఉన్న ప్రతి హాస్పిటల్‌కూ ఇది రోజూ ఎదురయ్యే సమస్య. ఇంకా చిక్కేమిటంటే, కొందరిలో స్పర్శ కూడా పోతుంది. ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా దగ్గు రాదు. అంటే పొలమారకుండానే ప్రమాదం జరిగిపోతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత జ్వరం, ఆయాసం మొదలై న్యుమోనియాగా బయటపడుతుంది.

అందుకే పక్షవాతం రోగికి మింగే సామర్థ్యాన్ని పరీక్షించేదాకా నోటితో ఏమీ ఇవ్వరు, గుక్కెడు నీళ్లు కూడా. నర్సు రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దిగా నీళ్లిచ్చి చూస్తుంది. దగ్గు వచ్చిందా, గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడుతోందా, నోటి పక్కనుంచి కారుతోందా అని గమనిస్తుంది. ‘దాహంగా ఉందంటున్నాడు, ఒక్క గుటకే కదా’ అని ఉండబట్టలేక ఇంట్లోవాళ్లు ఇచ్చే నీళ్లే ఒక్కోసారి కొంప ముంచుతాయి. పలుచని నీరు గొంతులో వేగంగా జారుతుంది. బలహీనమైన కండరాలు అంత త్వరగా దారి మూయలేవు. అందుకే కొందరికి నీళ్లకన్నా చిక్కని జావ మింగడం తేలిక.

పథ్యం అంటే కోత కాదు

మింగగలిగిన రోగికి తర్వాతి ప్రశ్న, ఏమి పెట్టాలి? మన ఇళ్లలో పథ్యమంటే ఉప్పూ కారం లేని చప్పిడి కూడు అనుకుంటాం. హాస్పిటల్ పథ్యం అలాంటిది కాదు. ఏ అవయవం ఏ పని చేయలేకపోతోందో చూసి, ఆ భారం తగ్గిస్తూనే శరీరానికి కావలసినదంతా అందేలా వేసే లెక్క అది.

కొబ్బరిబోండం సంగతే తీసుకుందాం. భవానీపూర్ ఫుట్‌పాత్ మీద దీన్ని ‘డాబ్’ అంటారు. రోగిని చూడటానికి వచ్చేవాళ్లు అక్కడా ఇక్కడా తెచ్చేది అదే. 100 మి.లీ. కొబ్బరినీళ్లలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంటే 300 మి.లీ. బోండంలో 600 మిల్లీగ్రాములకు పైనే. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. కిడ్నీలు దెబ్బతిన్న మనిషిలో అది రక్తంలోనే పేరుకుంటుంది. గుండె కొట్టుకునే లయను నడిపే విద్యుత్ సంకేతాలు పొటాషియం మీద ఆధారపడతాయి. కాబట్టి ‘చలవ చేస్తుంది’ అని ఇచ్చిన బోండం అలాంటి రోగి గుండె లయను తప్పించగలదు.

ఉప్పు లెక్క కూడా ఇంతే. 5 గ్రాముల ఉప్పులో సుమారు 2 గ్రాముల సోడియం ఉంటుంది. సోడియం ఎక్కడుంటే నీరు అక్కడ చేరుతుంది. గుండె బలహీనపడినవారిలో, కాలేయ వ్యాధితో పొట్టలో నీరు చేరినవారిలో ఆ నీరు వాపుగా, ఆయాసంగా మారుతుంది. వార్డు భోజనంలో ఉప్పు తగ్గించి, ఇంటినుంచి ఆవకాయ ముక్క తెచ్చి పెడితే ఆ లెక్క తప్పినట్టే.

అలాగని అన్నీ మానిపించడమూ తప్పే. కోలుకుంటున్న పెద్దవారికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కిలోకేలరీల శక్తి, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని లెక్క వేస్తారు. 50 కిలోల మనిషికి 1250 నుంచి 1500 కిలోకేలరీలు, 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నమాట. గ్లాసుడు గంజి, రెండు బిస్కెట్లతో ఇది తీరదు. అందుకే నర్సు పళ్లెంలో ఏం పెట్టారో కాక, పళ్లెంలో ఏం మిగిలిందో రాసుకుంటుంది.

గొట్టం ఎక్కడికి చేరింది?

పేగులు పనిచేస్తూ, మింగడం మాత్రమే కుదరని రోగికి ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి సన్నని గొట్టం వేస్తారు. మన వార్డుల్లో దీన్ని రైల్స్ ట్యూబు అంటారు. 1921లో ఇలాంటి సన్నని గొట్టాన్ని పరిచయం చేసిన బ్రిటిష్ వైద్యుడు జాన్ రైల్ పేరు మీద వచ్చిన మాట అది. ఆయన దాన్ని జీర్ణరసాన్ని బయటికి తీసి పరీక్షించడానికి వాడాడు. తర్వాత అదే దారిలో ఆహారం లోపలికి వెళ్లడం మొదలైంది.

గొట్టం వేసేముందు నర్సు దాన్ని ముక్కు కొన నుంచి చెవి తమ్మె వరకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక చివరి దాకా పెట్టి కొలుస్తుంది. అంత పొడవు లోపలికి వెళ్తే కొన జీర్ణాశయంలో ఉంటుందని అంచనా. కానీ అంచనా చాలదు. ముందు చెప్పుకున్నట్టు రెండు దారులూ పక్కపక్కనే ఉన్నాయి. స్పృహ సరిగా లేని రోగిలో గొట్టం ఊపిరితిత్తిలోకి వెళ్లినా దగ్గు రాకపోవచ్చు.

చాలా ఏళ్లు అందరూ నమ్ముకున్న పద్ధతి ఒకటుంది. సిరంజితో గొట్టంలోకి గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి ‘బుస్’మన్న శబ్దం వినడం. ఇది నమ్మదగినది కాదని తేలింది. శబ్దం కణజాలం గుండా ప్రయాణిస్తుంది. గొట్టం కొన ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం పొట్ట మీద వినిపించవచ్చు. బ్రిటన్‌లో రోగుల భద్రతా సంస్థ 2005లోనే ఈ పద్ధతిపై ఆధారపడవద్దని హెచ్చరించింది.

దానికి బదులు రసాయనశాస్త్రం సాయపడుతుంది. గొట్టం నుంచి కొద్దిగా ద్రవాన్ని వెనక్కి లాగి పీహెచ్ కాగితం మీద వేస్తారు. జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ రావాలి. ఊపిరితిత్తుల ద్రవం ఇంత ఆమ్లంగా ఉండదు. రోగి ఆమ్లాన్ని తగ్గించే మందులు వాడుతుంటే ఈ పరీక్ష తికమక పెడుతుంది. అనుమానం ఉన్నప్పుడు ఎక్స్-రే తీసి చూడాల్సిందే. సరైన చోట ఉందని తేలాక ముక్కు దగ్గర గొట్టం మీద గుర్తు పెడతారు. ఆ గుర్తు జరిగితే గొట్టం జరిగినట్టే. ఇంట్లోవాళ్లు దాన్ని తిరిగి లోపలికి నెట్టకూడదు, ఆహారం ఆపి నర్సుకు చెప్పాలి.

తల ఎత్తు ఎందుకు?

గొట్టం సరైన చోటే ఉన్నా, జీర్ణాశయంలోని ఆహారం పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది. అన్నవాహిక అడుగున ఒక కండర వలయం తలుపులా మూసుకుని ఉంటుంది. గొట్టం దాని గుండా వెళ్తుంది కాబట్టి ఆ తలుపు పూర్తిగా బిగుసుకోదు. అప్పుడు మిగిలే కాపలాదారు గురుత్వాకర్షణ.

పెద్దవారి అన్నవాహిక సుమారు 25 సెం.మీ. పొడవుంటుంది. మనిషి వెల్లకిలా పడుకుంటే దాని రెండు కొనలూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, ద్రవం అటైనా ఇటైనా పారవచ్చు. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తితే పై కొన కింది కొనకన్నా సుమారు పన్నెండున్నర సెం.మీ. ఎత్తుకు చేరుతుంది. 45 డిగ్రీలకు అది 17 సెం.మీ. దాటుతుంది. ఎగదన్నే ద్రవం అంత ఎత్తు ఎక్కాలి. పైసా ఖర్చు లేని రక్షణ ఇది. అందుకే ఆహారం ఇస్తున్నంతసేపూ, ఇచ్చాక మరో అరగంట నుంచి గంట దాకా తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచుతారు. తల కింద రెండు దిండ్లు పెడితే మెడ మాత్రమే వంగుతుంది. ఎత్తాల్సింది నడుము పైభాగం మొత్తాన్ని. ఆహారం ఇచ్చిన వెంటనే పక్కబట్టలు మార్చడానికి రోగిని పడుకోబెట్టడం కూడా తప్పే.

వేగాన్ని నిర్ణయించేది గొట్టమే

గొట్టాల సైజును ‘ఫ్రెంచ్’ అనే కొలతలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే బయటి వ్యాసంలో మిల్లీమీటరులో మూడో వంతు. 12 ఫ్రెంచ్ గొట్టం 4 మి.మీ., 16 ఫ్రెంచ్ గొట్టం 5.3 మి.మీ. లోపలి రంధ్రం ఇంకా చిన్నది.

రక్తప్రవాహాన్ని అర్థం చేసుకోవాలనుకున్న ఫ్రెంచి వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త ప్వాజోయ్ 19వ శతాబ్దంలో సన్నని గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని కొలిచాడు. ఆయన కనుగొన్న సూత్రం ప్రకారం ప్రవాహం గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. లోపల పట్టిన పాచి వల్ల వ్యాసార్ధం పదో వంతు తగ్గినా ప్రవాహంలో దాదాపు మూడో వంతు పోతుంది. వార్డులో ఇచ్చే చిక్కని ఆహారం ఈ సూత్రానికి అచ్చంగా ఒదగకపోయినా, దిశ మాత్రం అదే. ప్రతిసారీ ఆహారానికి ముందూ తర్వాతా, మందులకు ముందూ తర్వాతా సుమారు 30 మి.లీ. నీటితో గొట్టాన్ని కడగమని నర్సులు పట్టుబట్టేది ఇందుకే. పప్పు, కూరగాయలు మిక్సీలో వేసి చేసిన ఆహారాన్ని వడకట్టమనేది కూడా ఇందుకే.

ఆహారం నెమ్మదిగా దిగుతుంటే చాలామంది చేసే పని, సిరంజికి పిస్టన్ పెట్టి నెట్టడం. ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. పిస్టన్ తీసేసిన సిరంజిని జీర్ణాశయానికి 30 సెం.మీ. ఎత్తులో పట్టుకుంటే ద్రవం మీద ఒత్తిడి సుమారు 3 కిలోపాస్కల్స్. అదే 50 మి.లీ. సిరంజి పిస్టన్‌ను 2 కిలోల బరువంత బలంతో నొక్కితే ఒత్తిడి దానికి పది రెట్లు దాటుతుంది. చిన్న 5 మి.లీ. సిరంజితో అంతే బలం వాడితే దాదాపు అరవై రెట్లు. బలం ఒకటే అయినా వైశాల్యం తగ్గేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం పగలవచ్చు. ఆహారం ఒక్కసారిగా చేరి పొట్ట ఉబ్బి, వాంతి కావచ్చు.

సిరంజితో 200 నుంచి 300 మి.లీ. ఇవ్వడానికి 15 నుంచి 30 నిమిషాలు పట్టాలి. సిరంజిని పైకెత్తితే వేగం పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. కొళాయి తిప్పినంత తేలికైన నియంత్రణ అది. కాకపోతే అరగంట నిలబడే ఓపిక కావాలి.

ఆకలితో మాడిన ఒంటికి ఒకేసారి వడ్డిస్తే

వేగం గురించి చెప్పుకున్నది ఒక పూట లెక్క. రోజుల లెక్క ఇంకొకటుంది. దాన్ని కోల్‌కతా చాలా బాధాకరంగా నేర్చుకుంది. 1943 బెంగాల్ కరువులో పల్లెలనుంచి వేలమంది ఈ నగర ఫుట్‌పాత్‌ల మీదకు చేరారు. ఆ కరువులో చనిపోయినవారి సంఖ్య 15 లక్షల నుంచి 30 లక్షలకు పైగా ఉంటుందని అంచనాలున్నాయి. ఎండిపోయిన శరీరాలకు ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది అప్పటి వైద్యులకు అత్యవసర ప్రశ్న. బియ్యం, చక్కెర ఆధారంగా తయారైన ‘బెంగాల్ కరువు మిశ్రమం’ ఆ అనుభవం నుంచి వచ్చిందే.

1945 ఏప్రిల్‌లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం విముక్తమైనప్పుడు అక్కడి రోగులకూ ఈ మిశ్రమాన్నే ఇచ్చారు. అంతకుముందు సైనికులు జాలితో పంచిన కొవ్వు మాంసపు డబ్బాలు తిని ఎందరో చనిపోయారు. అయితే బెంగాల్ మిశ్రమం తియ్యదనం తూర్పు ఐరోపావాసులకు మింగుడుపడలేదు. వాళ్లకు అలవాటైన మిరప పొడి పాప్రికాను కలిపాక తినడం మొదలుపెట్టారు. రుచి, అలవాటు కూడా చికిత్సలో భాగమేనని చెప్పే సంఘటన ఇది.

మరి ఆకలితో ఉన్నవాడికి తిండి పెడితే ప్రాణం ఎందుకు పోతుంది? చాలా రోజులు తిండిలేని శరీరం కొవ్వును కరిగించుకుని బతుకుతుంది. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు లోలోపల తరిగిపోతాయి, రక్తపరీక్షలో మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. ఒక్కసారిగా పిండిపదార్థం అందగానే ఇన్సులిన్ పెరుగుతుంది. గ్లూకోజుతో పాటు ఈ లవణాలన్నీ రక్తం నుంచి కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో ఫాస్ఫేట్ ప్రమాదకరంగా పడిపోతుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు తయారీకి ఫాస్ఫేట్ తప్పనిసరి. అది లేక ఊపిరి తీసే కండరాలు, గుండె నీరసిస్తాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు.

ఈ ప్రమాదాన్ని పసిగట్టడానికి కావలసింది రక్తంలో ఫాస్ఫరస్ కొలత. దాన్ని రంగు సాయంతో తేలిగ్గా కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఏటీపీని కనుగొన్నవారిలోనూ ఆయన ఒకరు. ఫిస్కే-సుబ్బారావు పేరు జీవరసాయన ప్రయోగశాలల్లో తరతరాల విద్యార్థులకు తెలుసు.

పది రోజులకు పైగా దాదాపు ఏమీ తిననివారు, బాగా చిక్కిపోయినవారు, ఎక్కువకాలం మద్యానికి బానిసలైనవారు ఈ ప్రమాదంలో ఉంటారు. అలాంటివారికి కిలో బరువుకు రోజుకు 10 కిలోకేలరీలతో మొదలుపెట్టి, లవణాలను పరీక్షిస్తూ కొన్ని రోజుల్లో పెంచుతారు. 40 కిలోల మనిషికి అది మొదటి రోజు 400 కిలోకేలరీలే. ఆహారానికి ముందే థయామిన్, అంటే బి1 విటమిన్ ఇస్తారు. ‘ఇంత తక్కువ పెడుతున్నారేమిటి’ అని బంధువులు నర్సుతో గొడవపడేది సరిగ్గా ఇక్కడే. ఆ తక్కువే అతన్ని కాపాడుతోంది.

ఇంటికి వెళ్లాక

చాలామంది రోగులు గొట్టంతోనే ఇంటికి వెళ్తారు. అక్కడ నర్సు ఉండదు. కోల్‌కతాలోనైతే ఆయాను పెట్టుకుంటారు, మన ఊళ్లలో కూతురో కోడలో చూసుకుంటారు. వారికి డిశ్చార్జి చీటీ ఒక్కటే చాలదు. ఒకటి రెండుసార్లు నర్సు ఎదుటే తమ చేతులతో చేసి చూపించాలి. గుర్తుపెట్టుకోవలసినవి ఇవి:

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఏ పూటకా పూట కొద్దిగా తయారు చేసుకోవాలి. అనుకూలమైన వేడిలో కొన్ని బ్యాక్టీరియా 20 నిమిషాలకు రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి రెండు గంటల్లో 64, ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. ఇంట్లో చేసిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకపోవడం మంచిది.

గొట్టం మీది గుర్తు ప్రతిసారీ చూడాలి. తలవైపు ఎత్తాలి. నెమ్మదిగా ఇవ్వాలి. నీటితో కడగాలి.

నెమ్మదిగా కరిగేలా, పేగుల్లోనే కరిగేలా పైపూత వేసిన మాత్రలను డాక్టరును అడగకుండా పొడి చేయకూడదు. పొడి చేస్తే రోజంతా విడుదల కావలసిన మందు ఒక్కసారే విడుదలవుతుంది.

నోటితో తినకపోయినా రోజూ నోరు శుభ్రం చేయాలి. పాచి పట్టిన నోటిలోని సూక్ష్మజీవులు లాలాజలంతో ఊపిరితిత్తులకు చేరగలవు.

ఆహారం ఇస్తుండగా దగ్గు, ఆయాసం, వాంతి వచ్చినా, పెదవులు నీలంగా మారినా, పొట్ట ఉబ్బినా వెంటనే ఆపి హాస్పిటల్‌కు ఫోన్ చేయాలి.

ఇవేవీ డాక్టరు, నర్సు చెప్పిన మోతాదులకు ప్రత్యామ్నాయం కావు. వారు ఎందుకలా చెబుతున్నారో అర్థమైతే పాటించడం తేలికవుతుంది. సిరంజిని ఎత్తి పట్టుకుని అరగంట నిలబడే నర్సు తీరికగా ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ సమయంలో ఆమె ఎత్తును, కోణాన్ని, వేగాన్ని, రోగి ముఖాన్ని ఒకేసారి చూస్తోంది. మనింట్లో ఆ సిరంజి మన చేతికి వచ్చిన రోజున చేయాల్సింది కూడా అదే. ముద్ద త్వరగా దిగాలని కాకుండా, క్షేమంగా దిగాలని చూడటం.